విత్తనానికి వదిలిన వరస

ట్రక్కు మమ్మల్ని రోడ్డు చివర దించేసరికి మధ్యాహ్నం రెండు. సన్నటి వాన. అక్కణ్ణించి సరిహద్దు పోస్టుకి నాలుగు గంటల ఎక్కుడు. వీపు మీద సామాను, చేతిలో రైఫిలు, కాళ్లకి జలగలు. డెబ్భై ఒకటి యుద్ధానికి ముందటి ఏడు, శ్రావణమాసం. నేను చోడవరం చెరకు తోటల మధ్య పుట్టినవాణ్ణి. మేఘాన్ని కాళ్ల కింద చూడడం అదే మొదలు.

పోస్టంటే మూడు బంకర్లు, వెనకవైపు ఒక వంటగది, అందులో ఒక టెలిఫోను. ముందు లోయ. లోయ అవతలి గట్టు శత్రువులది. మేం వెళ్లే ముందు వారమే పక్క పోస్టులో పగటిపూట కాపలా ఉన్న జవాను కనబడకుండా పోయాడు. టోపీ ఒక్కటే దొరికింది.

"యుద్ధం రాకముందే భయమేమిటి?" అని మన ఊళ్లో అడుగుతుంటారు. అప్పుడే ఎక్కువ. నా భయం గుండెలో ఉండేది కాదు, దవడలో ఉండేది. పళ్లు బిగిసిపోయి అన్నం నమల్లేకపోయేవాణ్ణి.

బంకరు ముందు వాలంతా గంజాయి. ఎవరూ వెయ్యలేదు. మన గట్ల మీద ఉమ్మెత్త మొలిచినట్టు దానంతటదే మొలిచింది. కింది పల్లెవాళ్లు దాని నారతో తాళ్లు పేనేవారు. గింజలు వేయించి పచ్చడి నూరేవారు. శరదృతువులో కంకుల్ని అరచేతుల మధ్య నలిపి, చేతికంటిన నల్లటి బంకని గీకి ఉండ చేసేవారు. మన ఏజెన్సీ మొక్క నాకు తెలుసు. సన్నగా, పొడుగ్గా పెరుగుతుంది, కంకి పలచన. ఇది ఛాతీ ఎత్తే. కొమ్మకొమ్మకీ గుత్తి. ముట్టుకుంటే చెయ్యి అతుక్కునేది. మామిడి సొన, దేవదారు బంక కలిసినట్టుండేది వాసన.

హవల్దారు మొదటి ఆర్డరు అదే. బంకరు ముందు యాభై అడుగుల దాకా నేల బోడి చెయ్యాలి. "ఇక్కడ ఆకు కూడా శత్రువే," అన్నాడు హిందీలో. రెండు రోజులు కొడవళ్లతో కోశాం. ఎడమవైపు, బండ పక్కన, ఒక వరస నేను వదిలేశాను.

మా ఇళ్లల్లో ఏ పాదులోనైనా, ఏ చేలోనైనా బలమైన మొక్కని కొయ్యరు. గుడ్డపీలిక కట్టి విత్తనానికి వదులుతారు. పీలిక కట్టినదాన్ని దొంగ కూడా ముట్టుకోడు. ఆ వరసలో మొక్కలు అంత బలంగా ఉన్నాయి. మాడుగుల పైన కొండవాలులో మా మేనమామకి చిన్న భూమి చెక్క ఉంది. ఈ రకం అక్కడ మొలిస్తే చూడాలనిపించింది. హవల్దారుతో మాత్రం అక్కడ రాళ్లున్నాయి, కొడవలి దిగదని చెప్పాను.

మా లైన్‌మన్ నమ్మలేదు. టెలిఫోను తీగలు వేసేవాడు, తెగితే వెతికి అతికేవాడు. వాడిది రోలుగుంట. క్రైస్తవుల ఇంటి కుర్రాడు. ఇంత దూరంలో మన యాస మాట్లాడే మనిషి దొరికాడని నన్ను బావా అనేవాడు.

"ఏటి బావా, బంకరు ముందు పెరడేసేవేటి?"

"విత్తనానికిరా."

"బీరపాదు కూడా పెట్టెయ్. హవల్దారుకి పప్పులోకొస్తాది."

"నోరు ముయ్‌రా, ఇంటాడు."

"ఇననీ. నానైతే పీకి పారేద్దును. సూడు, దానెనకాల గేదె నిలబడ్డా అవపడదు."

నేను నవ్వేశాను.

భాద్రపదంలో పొగమంచు దిగింది. పొద్దున్న తొమ్మిదిదాకా ఉండేది, మధ్యాహ్నం మూడింటికి మళ్లీ వచ్చేది. ఆ రోజుల్లోనే పల్లెలో ఒక ఉండ సంపాదించాను.

అందులో ఏముందని జనం అంతలా ఎగబడతారు? నాకు ఏమిచ్చిందో చెబుతాను. మొదటిసారి పీల్చాక దవడ వదులైంది. అన్నానికి రుచి వచ్చింది. అవతలి గట్టు ఉత్త గట్టులాగే కనబడింది. పక్షం రోజులు సుఖంగా ఉన్నాను. తరవాత అదే నా దవడని మళ్లీ బిగించింది, ముందుకన్నా గట్టిగా. ఆకు కదిలితే మనిషి ఊపిరిలా వినబడేది. ఆ భయానికి మందు మళ్లీ అదే అనుకున్నాను.

"బావా, నీ కళ్లు సూసుకున్నావా?" అన్నాడు లైన్‌మన్ ఒక రోజు, ప్లేట్లు కడుగుతుంటే. "డ్యూటీలో ఒద్దు. భయం నాకూ ఏస్తాది. నాను పాటలు పాడుకుంతన్నాను. నువ్వూ పాడు."

"మీ గుడి పాటలు నాకు రావురా."

"గానుగ కాడ పాడతారు కదా, అయ్యే పాడు. ప్రభువు ఏటనుకోడు."

పాడలేదు.

ఆశ్వయుజంలో ఒక సాయంత్రం. నాలుగు గంటలు. ఎడమ బంకరులో నా కాపలా. మంచు బండదాకా వచ్చింది. టెలిఫోను మూగబోయింది. హవల్దారు నా వెనక నిలబడి చెప్పాడు: "లైన్‌మన్ ఎడమ నుంచి దిగుతున్నాడు. చూసుకో."

"జీ," అన్నాను.

అప్పటికి పది నిమిషాల ముందే పీల్చాను. వినబడలేదని తరవాత విచారణలో చెప్పాను. వినబడింది. జీ అన్నాను. మరిచిపోయాను.

ఎంతసేపయిందో తెలియదు. నేను వదిలిన వరస కదిలింది. గాలి లేదు. మొక్కల మధ్య నల్లగా ఏదో వంగింది, లేచింది. పక్క పోస్టులో దొరికిన టోపీ కళ్లముందుకొచ్చింది. ఎవరది, ఆగు అని మూడుసార్లు అరవాలి. అది కాపలావాడి మొదటి పాఠం. నా నోరు తెరుచుకోలేదు. వేలు కదిలింది.

"ఏటి బావా ఇది," అన్నాడు వాడు. కోపం లేదు. మోటు సరసం ఆడితే విసుక్కున్నట్టు అన్నాడు.

స్ట్రెచరు రోడ్డు చేరేలోపే పోయాడు.

మూడుసార్లు అరిచానని విచారణలో చెప్పాను. మంచులో జరిగిన ప్రమాదమని రాశారు. ఆ వరస మిగిలి ఉండడానికి రాళ్లే కారణమన్నారు. రాళ్ల మాట నాదే. మర్నాడు దాన్ని కొయ్యమని నన్నే పంపారు. గింజలు పండి ఉన్నాయి. కోస్తూ కోస్తూ కంకుల్ని మేజోడులోకి దులిపాను. ఎందుకని నన్ను నేను చాలా ఏళ్లు అడిగాను. విత్తనం నేలపాలు చెయ్యకూడదని చిన్నప్పుడు నేర్చుకున్న చెయ్యి తన పని తాను చేసిందని సమాధానం చెప్పుకునేవాణ్ణి. అది సగమే నిజం. అంత జరిగాక కూడా ఆ మొక్క నాకు అందంగానే కనబడింది.

సెలవు మీద వచ్చి అనకాపల్లిలో రైలు దిగాను. చోడవరం బస్సులో బెల్లం వాసన. మేజోడు మేనమామకి ఇచ్చాను. మూడు నాలుగు పంటల్లో ఆ గింజ మాడుగుల పైన కొండలెక్కింది. పొట్టిది, గుత్తిది, బంక కారేది. 'మిలట్రీ రకం' అని పేరు పడింది. ఆ వాసన కోసం ఎక్కడెక్కడివాళ్లో వచ్చారు. కాశీ నుంచి సాధువు తెచ్చాడని కొందరు, దొరలు చల్లి పోయారని కొందరు కథలు చెప్పారు. నేను విని ఊరుకున్నాను. దాన్ని పీల్చి దవడలు బిగిసిన కుర్రాళ్లని బస్టాండులో చూసి కూడా ఊరుకున్నాను.

రోలుగుంట ఒక్కసారే వెళ్లాను. వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఆఖర్న నువ్వు పక్కనే ఉన్నావట గదా బాబూ. మావోడికి తోడున్నావు, అదే సాలు," అంది.

అవునన్నాను.

ఆవిడకి చెప్పనిది, విచారణలో చెప్పనిది ఒకటుంది. నేను పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి వాడు మొక్కల మధ్య పక్కకి ఒరిగి ఉన్నాడు. తెగిన తీగ అప్పటికే అతికేశాడు. సరిచూసుకోడానికి తగిలించిన టెలిఫోను ఒక కొమ్మకి చిక్కుకుని ఊగుతోంది. వంటగదిలో స్టవ్వు హోరుకి నా తూటా మోత వినని హవల్దారు గొంతు అందులోంచి, చిన్నగా, సంతోషంగా వస్తోంది.

"లైను వచ్చేసింది. శభాష్. ఇంక వచ్చెయ్, టీ చల్లారిపోతుంది."