స్లాబ్ దావత్ లేని ఎస్టిమేట్

చంపాపేట్‌లోని మా రెండు గదుల ఇంటి మీద ఇంకో గది వేయాలనుకున్నాం. మేస్త్రీ చెప్పిన ఖర్చు మా వల్ల కాదు. దాంతో ఇవాళ నేనే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, సిమెంట్, ఇసుక, స్టీల్, కూలీ అన్నీ రాసి, అనవసరమైనవి కోసేశాను. నేను కలగంటున్న సొంత బాత్రూమ్‌తో సహా లెక్క సరిపోయింది. గర్వంగా అమ్మకు చదివి వినిపించాను.

మా అమ్మ బడికి పోలేదు. పదిహేనేళ్లు ఎల్బీ నగర్ చుట్టుపక్కల స్లాబులకు కంకర మాలు తట్టల్లో మోసింది. అంతా విని, "స్లాబ్ దావత్ ఏదే?" అంది.

"తీసేసిన. స్లాబ్ పోసిననాడు కూలోళ్లందరికీ మటన్ బదులు పులిహోర ప్యాకెట్లు ఇస్తే అయిపాయె."

"పులిహోరనా! దిల్‌సుఖ్‌నగర్‌ల ఒకాయన మూడంతస్తులు కట్టిచ్చుకొని మాకు పులిహోర పెట్టిండు. ఇరవై ఏండ్లాయె. బస్సు ఆ ఇంటి ముంగటకెల్లి పోతే ఇప్పటికీ తిడ్త. రేపు మనల్ని గట్లనే తిట్టాల్నా?"

"మరి మటన్‌కు పైసలు ఏడికెల్లి తేవాలె?"

"నీ బాత్రూమ్‌ల గోడంత టైల్స్ ఎందుకే? మోకాళ్ల దాక చాలు."

ఎంత వాదించినా వినలేదు. చివరికి అమ్మ చెప్పినట్టే ఎస్టిమేట్ మార్చాను. నా బాత్రూమ్‌లో టైల్స్ మోకాళ్ల దాకే వస్తాయి. ఆపైనంతా మటన్.

మీ ఇంటి స్లాబ్ రోజు ఏం పెట్టారు? నిజమే చెప్పండి. మీరు మర్చిపోయినా, మోసినవాళ్లకు గుర్తుంటుంది.