ఎనిమిది వైర్లకు ముళ్ళు

పని చేసింది! ఎన్‌కోడర్ పని చేసింది! కిటికీ పక్క బల్ల ఇక నాదే!

ఎవరికైనా అరిచి చెబుదామంటే షాపులో నేను తప్ప మనిషి లేరు. ఆదివారం. షట్టరు సగం దించి ఉంది. ఫోను తీసి వరసగా నలుగురికి చేశాను. ఒక్కరూ ఎత్తలేదు. అందుకే వైండింగు వైరు వచ్చిన అట్టపెట్టె చింపి దానిమీద రాస్తున్నాను. ఇంత సంగతి లోపల పెట్టుకుని కూర్చోవడం నావల్ల కాదు.

మాది ఒడిశాలో గుణుపూర్ దగ్గర పల్లె. వరి, కంది, చోళ్ళు పండిస్తాం; రాగుల్నే మేం చోళ్ళంటాం. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళిన మొదటి మనిషిని నేనే. కొరాపుట్‌లో నాలుగేళ్ళు చదివాను. పట్టా చేతికొచ్చాక ఏడాది పాటు పని దొరకలేదు. ఆఖరికి రాయగడలో మోటార్లు బాగుచేసే షాపు సావుకారు, మూడు నెలలు చూస్తానని రమ్మన్నాడు. స్టేషను అవతల ఒక గది తీసుకున్నాను. కొన్ని సాయంత్రాలు కూరగాయలమ్మే ఆవిడ దగ్గర ఒడియాలో ‘అర కేజీ చాలు’ అనడమే నేను మాట్లాడిన మాట.

షాపులో వైండింగు చేసేవాళ్ళు నలుగురు. అందరూ మగవాళ్ళే, మంచివాళ్ళే. మధ్యాహ్నం ఒకచోట కూర్చుని తింటారు. నేను వెళితే మాటలాపి, జరిగి చోటిస్తారు. ఆ మర్యాద చూసే వెళ్ళడం మానేశాను. వాళ్ళకి తలా ఒక బల్ల ఉంది. నాకు బోర్లించిన డ్రమ్ము. కిటికీ పక్క బల్ల ఖాళీయే గానీ, దానిమీద సావుకారి రేడియో, పాత పేపర్ల కట్టలు ఉంటాయి.

కిందటి నెల ఆయన పాత ఇనుములోంచి రెండు మోటార్లు తెచ్చాడు. ఏదో మిల్లులో యంత్రం విప్పేసినప్పుడు వచ్చినవి. ఒక్కోదాని వెనక టీగ్లాసంత డబ్బా, అందులోంచి సన్నటి వైర్లు ఎనిమిది. అదే ఎన్‌కోడర్. షాఫ్ట్ ఎంత తిరిగిందో, ఎటు తిరిగిందో అది చెబుతుంది. చెప్పకపోతే ఆ మోటారు ఇనుప ముద్దతో సమానం. ఏ వైరు దేనిదో తెలిపే కాగితం లేదు, పేరు రాసిన రేకు ఊడిపోయింది.

మొదటిదాన్ని నేనే కాల్చేశాను. ఎర్ర వైరుకి ప్లస్సు, నల్లదానికి మైనస్సు ఇచ్చాను. చిటికెడు పొగ, చేదు వాసన, అంతే.

సావుకారు ముక్కు ఎగబీల్చాడు. “ఏటమ్మీ, ఇంజినీరమ్మవి! రంగు సూసి కనెక్షనిచ్చీసేవేటి?”

“ఎర్రది ప్లస్సే కదండీ, అందరూ అదే అంటారు.”

“అందరూ అన్నారు గానీ, కాల్చింది నువ్వొక్కదానివే.”

వైండింగు వాళ్ళు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

నిన్న ఆయన చెల్లెలి కూతురి పెళ్ళికి బొబ్బిలి వెళుతూ రెండోదాన్ని నా డ్రమ్ము మీద పెట్టాడు. “సోమారం నానొచ్చేసరికి ఇది ముందుకీ ఎనక్కీ లెక్క సెప్పాల. సెప్పిందా, ఆ కిటికీ కాడ బల్ల నీది. ఇది కూడా పోనాదంటే నువ్వు ఊరెల్లిపో అమ్మీ. ఏటీ అనుకోకు, నానూ అనుకోను.”

పొద్దున్నే తాళం తీసి కూర్చున్నాను. భయంతో గంటసేపు వైర్లు ముట్టుకోలేదు. కేబుల్‌ని అలా వేళ్ళతో తడుముతుంటే, డబ్బాకి జానెడు దూరంలో నల్ల టేపు చుట్టిన ఉబ్బు తగిలింది. మొదటిదానికీ ఉండేది అలాంటిది. చూశాను, పట్టించుకోలేదు. ఈసారి టేపు విప్పాను. లోపల అతుకులు! ఎన్‌కోడర్ నుంచి వచ్చిన అసలు వైర్ల రంగులు వేరు, ఇవతల రంగులు వేరు. అసలు కేబుల్ ఎప్పుడో తెగితే, మిల్లులో ఎవరో చేతికి దొరికిన కేబుల్ తెచ్చి కలిపేశారు.

అప్పుడు అమ్మ విత్తనాల మూటలు గుర్తొచ్చాయి. చిన్నప్పుడు చోళ్ళు తెమ్మంటే ఎర్రగుడ్డ మూట తీసుకెళ్ళాను, కిందటేడు చోళ్ళు ఎర్రగుడ్డలోనే ఉన్నాయి కదా అని. విప్పితే కందులు. అమ్మ పొలం గట్టు మీదే పడీపడీ నవ్వింది. “గుడ్డదేటుందమ్మీ! ఏ సీర సిరిగితే ఆ గుడ్డ కడతాను. ముళ్ళు సూసుకోవాల.” ప్రతి మూటకీ ఒక దారం వేలాడేది. చోళ్ళకి ఒక ముడి, కందులకి రెండు, నువ్వులకి మూడు. అమ్మకి చదువు రాదు. ముళ్ళు ఎప్పుడూ తప్పలేదు.

ఆ అతుకులు చూస్తూ ఉండిపోయాను. ఎనిమిదీ ఒకచోట లేవు. ఒకటి కొంచెం ముందుకి, ఇంకొకటి కొంచెం వెనక్కి, ఒకదానికొకటి తగలకుండా. అతికినవాడు ఒక్కోదానికీ విడిగా సన్నటి గొట్టం తొడిగాడు. నేను మనసులో తిట్టుకున్న మనిషి ఎంత ఓపిగ్గా చేశాడో! ఏ వైరు ఎక్కడికో తనకు తెలుసు, రాసి పెట్టాలని తోచి ఉండదు. పక్కన ఎవరైనా ఉంటే పిలిచి చూపించేదాన్ని.

ఇక రంగుల జోలికి పోలేదు. డబ్బా వెనక మూత తీశాను. లోపలి బోర్డు మీద కరెంటు వచ్చేచోట ఒక కెపాసిటర్ ఉంటుంది. దాని రెండు కాళ్ళలో ఒకటి ప్లస్సు, ఒకటి మైనస్సు. మల్టీమీటర్ ఒక మొన కాలికి ఆనించి, రెండో మొనతో ఒక్కో వైరూ తాకుతూ వెళ్ళాను. ఏది తాకినప్పుడు కూత పెడితే అది దాని వైరు. ప్లస్సు ఆకుపచ్చ దగ్గర కూసింది. మైనస్సు ఎక్కడనుకున్నారు? ఎర్రదాని దగ్గర.

కాగితం చీటీలు అంటిస్తే నూనె చేతులకి ఊడిపోతున్నాయి. వైండింగు దారం తెంపి ఆకుపచ్చకి ఒక ముడి, ఎర్రదానికి రెండు ముళ్ళు కట్టాను. ఊపిరి బిగబట్టి ఐదు వోల్టులు ఇచ్చాను. పొగ లేదు. వాసన లేదు.

మిగిలినవి ఆరు. షాఫ్ట్‌కి పొడుగాటి స్టీలు స్కేలు బిగించాను. దాని కొస కాస్త జరిపితే షాఫ్ట్ వెంట్రుకవాసి కదులుతుంది. ఒక వైరు మీద వోల్టేజి పైకి లేచినప్పుడు ఇంకోదాని మీద కిందికి పడేది. అవి రెండూ ఒక జత. అలా రెండు జతలు దొరికాయి. మూడో జత మాత్రం ఎంత తిప్పినా ఉలకలేదు. చచ్చిందనుకున్నాను. గది ఖాళీ చేసి, గుణుపూర్ బస్సెక్కి, అడిగినవాళ్ళకల్లా ఏం చెప్పాలో కూడా అనేసుకున్నాను.

చివరికి ఆ ఆరింటికీ వరసగా ముళ్ళు వేసి, అన్నీ లెక్కపెట్టే చిన్న బోర్డుకి కలిపి, లాప్‌టాప్ తెరిచి షాఫ్ట్‌ని పూర్తిగా ఒక చుట్టు తిప్పాను. మూడో జత ఒక్కసారి మిణుక్కుమంది. మళ్ళీ చుట్టు తిప్పితే మళ్ళీ ఒక్కసారి. అది చావలేదు! చుట్టుకి ఒక్కసారే పలకడం దాని పని. ఒక మిణుకు నుంచి ఇంకో మిణుకుకి తెర మీద లెక్క నాలుగు వేల తొంభై ఆరు. మళ్ళీ తిప్పినా నాలుగు వేల తొంభై ఆరే. వెనక్కి తిప్పితే అంకెలు దిగుతూ దిగుతూ సున్నాకి వచ్చాయి. డ్రమ్ము మీద చెయ్యి కొట్టి ఎగిరాను. ఆ చప్పుడు గోడలకి తగిలి నాకే తిరిగొచ్చింది.

ఇంతవరకు రాశాక అమ్మ తనే ఫోను చేసింది.

“అమ్మా, తిరిగిందే! లెక్క సెప్తంది!”

“మోటారేనా? మంచిదేనమ్మీ. మన బోరుది కూడా ఒకపాలి సూద్దువు, నీళ్ళెత్తట్లేదు. తిన్నావా?”

“అది కాదే. వైర్లకి ముళ్ళేసేను. నీలాగ.”

అమ్మ గొంతు మారింది. “ఎన్నింటికేసేవు?”

“ఎనిమిదింటికి.”

“గట్టిగా బిగించేవా?” అంది. ఇంకేదో అనబోయింది, సిగ్నలు పోయింది.

కాసేపటికి సావుకారు ఫోను చేశాడు. వెనక డోళ్ళు, సన్నాయి.

“ఏటి, ముందుకి సెప్పిందా?”

“సెప్పిందండి!”

“ఎనక్కో?”

“ఎనక్కి కూడానండి!”

డోళ్ళు మోగుతూనే ఉన్నాయి. “అయితే ఆ బల్ల మీద నా రేడియో తీసీ. జాగర్త, యాంటెన్నా ఇరగ్గొట్టకు. పేపర్లు అవతల పడీ.”

పెట్టేశాడు. రేడియో తీశాను. పేపర్లు మోశాను. బల్ల తడిగుడ్డతో రెండుసార్లు తుడిచాను. ఇప్పుడు దాని ముందే కూర్చుని రాస్తున్నాను. కిటికీలోంచి రోడ్డు కనిపిస్తోంది. తెలిసిన మొహం ఒక్కటీ పోవడం లేదు.

ఇంకా ఫోను చెయ్యాల్సినవాళ్ళు:

నాన్న. సాయంత్రం గట్టు ఎక్కితేనే సిగ్నలు.

కొరాపుట్‌లో మల్టీమీటర్ పట్టుకోవడం నేర్పిన లేబు మాస్టారు. నంబరు మార్చారేమో, రెండుసార్లు మోగి ఆగిపోయింది.

హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి. పెళ్ళయి కుందుర అనే ఊరు వెళ్ళింది. పాప పడుకునే వేళ చూసి చెయ్యాలి.

వైండింగు వాళ్ళలో పెద్దాయన. రేపు కనబడతాడు, అయినా ఇవాళే చెప్పాలని ఉంది.

ఆ కేబుల్ అతికిన మనిషి. నంబరు లేదు.

అమ్మకి మళ్ళీ. గట్టిగానే బిగించానని.