పంతులుగారి ఎడమచేతి తీర్థం

ఒక్క క్లిక్కుతో ఒక పంతులుగారి ఆచారాన్ని, ఒక పెద్దరైతు పరువును, సొంత అమ్మ పైటను, సొంత అమ్మమ్మ దీవెనను తారుమారు చేసినవాణ్ని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. నేనే. అదీ బజార్లో, పట్టపగలు, పన్నెండడుగుల తెరమీద!

అప్పటికి నేను విశాఖలో యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ కోర్సులో చేరి ఆరు నెలలు. అంతకుముందు ఇంజినీరింగ్ చదివాను కాబట్టి ప్రతి పనికీ జాబితా రాసుకునే జబ్బు ఒకటి ఉంది. ఊరికి వెళ్లేటప్పుడు సంచిలో పెట్టుకోవలసిన వస్తువుల జాబితాలో మొదటి అంశం ఏమిటో తెలుసా? ‘జాబితా’.

విజయనగరంలో ఇనపసామాన్ల కొట్టు నడిపే మా నాన్నకు ఈ కోర్సు మీద రవ్వంత నమ్మకం లేదు. సెలవులకు ఇంటికి రాగానే విచారణ మొదలుపెట్టాడు.

“ఆర్నెల్లు సదివేవు. ఏటి నేర్సుకున్నావు?”

“బొమ్మల్ని కదిలించడం నాన్నా.”

“మన కొట్లో మేకులు ఏడాదిబట్టి కదలకుండా పడున్నాయి. ముందు వాటిని కదిలించు.”

సరిగ్గా అప్పుడే నా పాలిట దేవుడిలా మావయ్య ఫోన్ చేశాడు. అమ్మకు తమ్ముడు. ఆమదాలవలసలో కొత్తగా బియ్యం కొట్టు తెరుస్తున్నాడు. దానికి అమ్మమ్మ పేరే పెట్టాడు: లక్ష్మమ్మ బియ్యం దుకాణం. ప్రారంభం రోజున కొట్టు ముందు పెద్ద తెర కట్టించి, రెండు నిమిషాల సినిమా వేయించాలని ఆయన కోరిక.

“అల్లుడా, నువ్వే తియ్యాల! జనం నోరెళ్లబెట్టాల!” అన్నాడు.

నోళ్లు నిజంగానే తెరుచుకున్నాయి. ఆ సంగతి తర్వాత.

నాన్న వెంటనే షరతు పెట్టాడు. “ఆ సినిమా సూసి జనం బాగుందంటే మిగతా కోర్సుకి పంపుతాను. నేదంటే వచ్చి కొట్లో కూకో.”

అంటే ఆ రెండు నిమిషాల మీద నా జీవితం మొత్తం వేలాడుతోందన్నమాట. భయపడ్డానా? లేదు! ఉత్సాహంతో ఆ రోజు రెండుసార్లు స్నానం చేశాను.

నా కథానాయకుడు ఒక వరిగింజ. పేరు గింజయ్య. మెలితిరిగిన మీసం, గులాబీరంగు తలపాగా, చేతిలో చిన్న కర్ర. ఎచ్చెర్ల దగ్గర పొలంలో కంకి మీంచి దూకుతాడు, రైలెక్కుతాడు, ఆమదాలవలసలో దిగుతాడు, బజారంతా గెంతుకుంటూ వచ్చి మావయ్య కాటాలోకి ఎగిరి దూకుతాడు. అదీ కథ. గింజయ్యను తయారుచేసిన నా పరికరాల వివరం ఇది. కంప్యూటర్: పాతది. ఫ్యాను: కంప్యూటర్ వైపు తిప్పినది. మౌస్: కీబోర్డుకు ఎడమపక్కన. నేను: చెమటతో. గింజయ్య నడక మొత్తాన్ని లెక్కకట్టి బొమ్మలుగా బయటకు తేవడానికి ఆ కంప్యూటర్‌కు ఆరు రోజులు పట్టింది. అన్ని రోజులూ అది పిండిమిల్లులా మూలుగుతూనే ఉంది.

కొట్టులోపలి దృశ్యాలు ముందే తీసి పెట్టుకున్నాను. ప్రారంభానికి కొన్నాళ్ల ముందే కాటాకు పూజ చేయించారు, ఆ రోజు. పంతులుగారు తీర్థం ఇచ్చారు. అమ్మ హారతిచ్చింది. అమ్మమ్మ మావయ్య తలమీద చెయ్యిపెట్టి దీవించింది. బోణీకి అప్పలనాయుడుగారిని పిలిచారు. ఆయన ఆ చుట్టుపక్కల పెద్దరైతు. ఆయన చేత్తో బోణీ చేస్తే కొట్టుకు తిరుగుండదని ఆమదాలవలస బజారంతా నమ్మకం. ఆయన నోటు అందించి, బియ్యం తీసుకుని, ప్రసాదం పులిహోర తిని, వేళ్లు కూడా నాకారు. అన్నీ తీశాను.

ఇక చిక్కు వినండి. సినిమాలో గింజయ్య మొదటినుంచీ ఎడమనుంచి కుడికి ప్రయాణిస్తాడు. కొట్టులో మాత్రం గుమ్మం కుడివైపు, కాటా ఎడమవైపు వచ్చాయి. అంటే లోపలికి రాగానే హీరో వెనక్కి తిరిగి నడవాలి! ‘దిక్కు మారితే చూసేవాడు దారి తప్పుతాడు’ అని మా క్లాసులో సారు వందసార్లు చెప్పారు. గింజయ్య నడక మళ్లీ చెయ్యాలంటే ఇంకో ఆరు రోజులు కావాలి. ప్రారంభానికి ఐదు రోజులే ఉన్నాయి.

అప్పుడు వెలిగింది! గింజయ్యను తిప్పడమెందుకు? కొట్టునే తిప్పేస్తే? అద్దంలో చూసినట్టు కుడిని ఎడమ, ఎడమను కుడి చేసే మీట కంప్యూటర్‌లో ఉంది. ఒక్క క్లిక్కు. గుమ్మం ఎడమకు వచ్చేసింది. ఆనందం పట్టలేక కుర్చీతో సహా రెండు చుట్లు తిరిగాను.

అలా తిప్పితే అక్షరాలు తిరగబడతాయని నాకు తెలియదా? బ్రహ్మాండంగా తెలుసు. జాబితా రాశాను.

ఒకటి, కొట్టు బోర్డు. రెండు, గోడమీద క్యాలెండర్. మూడు, గడియారం. నాలుగు, కాటామీద అంకెలు. ఐదు, మావయ్య చొక్కా జేబు.

ఐదో అంశం చూశారా! ఎడమవైపు ఉండాల్సిన జేబు కుడివైపుకు వెళ్లిందని కనిపెట్టినవాణ్ని నేను. ఒక్కొక్క ఫ్రేములో జేబును, అందులోని పెన్నును పట్టుకుని మళ్లీ ఎడమవైపుకు చేర్చాను. జాబితా మొత్తం సరిచేయడానికి నాలుగు రోజులు పట్టింది.

అమ్మ కంచం పట్టుకుని వచ్చింది. “ఏటి సేస్తన్నావురా అన్నం మానేసి?”

“మావయ్య జేబు మారుస్తున్నానమ్మా.”

“మావ జేబుతో నీకేటిరా పని?”

కళ అంటే ఏమిటో వీళ్లకు తెలియదని జాలిపడ్డాను.

ప్రారంభం రోజు పొద్దున తొమ్మిదికి బజారు నిండిపోయింది. ఉదయం రైలు దిగినవాళ్లు కూడా సంచులతో సహా ఆగిపోయారు. ముందువరుసలో పంతులుగారు, అప్పలనాయుడుగారు, అమ్మమ్మ. పక్కన చేతులు కట్టుకుని నాన్న.

సినిమా మొదలైంది. గింజయ్య దూకగానే ఈలలు!

“ఓర్నాయనో, గింజకి మీసాలేటిరా!”

“ఆ తలపాగా సూడు!”

నాన్న పెదవి కుడివైపు కొంచెం కదిలింది. మా ఇంట్లో దాన్ని నవ్వు అంటారు. గింజయ్య కొట్టులోకి వచ్చాడు, దిక్కు తప్పకుండా, దర్జాగా. బోర్డుమీద అమ్మమ్మ పేరు నిక్షేపంలా ఉంది. జేబు ఎడమవైపే ఉంది. నేను చప్పట్లకు సిద్ధమయ్యాను.

తెరమీద పంతులుగారు తీర్థం ఇచ్చారు. ఎడమచేత్తో. అందరూ పుచ్చుకున్నారు. ఎడమచేత్తో.

పంతులుగారు లేచి నిలబడ్డారు. “అపచారం! అపచారం! నేనా ఇచ్చింది?”

ఆయన కూర్చోకముందే తెరమీద అప్పలనాయుడుగారు బోణీ చేశారు. ఎడమచేత్తో. ఆ వెంటనే పులిహోర తిన్నారు. ఆ దృశ్యం అందంగా ఉందని నేను దాన్ని దగ్గరికి లాగి, వేగం బాగా తగ్గించి పెట్టాను. మడత మంచాలంత పెద్దవిగా కనిపిస్తున్న ఎడమచేతి ఐదు వేళ్లనూ ఆయన ఒక్కొక్కటిగా, తీరిగ్గా నాకుతున్నారు.

“నాను ఎడం సేత్తో తిన్నానేటిరా?” అని నాయుడుగారు గర్జించారు. “ఎడం సేత్తో బోణీ సేసేనేటి నీ కొట్టుకి?”

“నేదు నాయుడుగారూ, మీరు కుడి సేత్తోనే...” అంటూ మావయ్య బతిమాలుతున్నాడు. అంతలో వెనకనుంచి అమ్మ కేక. “ఓలమ్మా! నా పైట ఆ భుజం మీదకెప్పుడెల్లిందిరా?”

అమ్మమ్మ మాత్రం తెరకేసి చూస్తూ మెల్లగా అడిగింది. “నా కొడుకుని నాను ఎడం సేత్తో దీవించేనా?”

మావయ్య నామీదకు వచ్చాడు. “ఒరే అల్లుడా, ఏటి సేసేవురా?”

“మావయ్యా, బోర్డు చూడు, ఒక్క అక్షరం కూడా...”

“బోర్డు కాదు, సేతులు!”

“నీ జేబు కూడా సరిచేశాను...”

“జేబు గోలేటిరా నీకు! తిప్పు! మళ్లా తిప్పీ!”

ఇంకో క్లిక్కు కొట్టాను. సినిమా మొత్తం కుడి ఎడమలు తిరగబడి మళ్లీ మొదటినుంచి వచ్చింది. పంతులుగారి చెయ్యి కుడి. నాయుడుగారి చెయ్యి కుడి. అమ్మ పైట యథాస్థానం. కానీ నేను నాలుగు రోజులు చెమటోడ్చి సరిచేసినవన్నీ ఇప్పుడు తిరగబడ్డాయి! గడియారం వెనక్కి నడిచింది, మావయ్య జేబు కుడివైపుకు వెళ్లింది, బోర్డు అక్షరాలు అద్దంలో పడ్డాయి.

మావయ్య తలపట్టుకున్నాడు. “అమ్మ పేరు పోనాది కదరా! ఇప్పుడేది ఉంచమంటావు? పేరా, సేతులా?”

అమ్మమ్మకు చదవడం వచ్చిన మాట ఒక్కటే, తన పేరు. ఆమె బోర్డును ఒకసారి చూసి తీర్పు చెప్పింది. “పేరు తిరగబడితే ఏటయినాది? సెయ్యి తిరగబడకూడదు. అలగే ఉండనీ.”

అలాగే ఉంచాం. మధ్యాహ్నం దాకా సినిమా తిరుగుతూనే ఉంది. రైలు దిగినవాళ్లు తల వంచి, మెడ తిప్పి తెరమీది బోర్డు చదవడానికి తంటాలు పడ్డారు. ఒకాయన అడిగాడు. “ఒడియాలో కూడా రాయించేరేటి?”

“అవును మరి! అటేపోళ్లు కూడా వస్తారు కదా!” అన్నాడు మావయ్య, తడుముకోకుండా.

భోజనాల వేళ అందరం ఆకుల ముందు కూర్చున్నాం. చివరికి నాన్నను అడిగేశాను.

“జనం బాగుందన్నారా నాన్నా?”

“ఎవలూ అననేదు. అందరూ నవ్వేరు.” నాన్న మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాడు. “ఎల్లు. మిగతా కోర్సు సదువు.”

“నిజంగానా!”

“ఆర్నెల్ల సదువుకే ఊరందరి సేతులూ తిప్పీసేవు. సగం నేర్సుకున్నోణ్ని కొట్లో కూకోబెడితే నా కాటా ఏటయిపోవాల? పూర్తిగా నేర్సుకునే రా.”

ఎగిరి గంతేయబోయాను. మావయ్య ఆపాడు. “ఉండు అల్లుడా, ఒకటి సెప్పు. గడియారం సూసేవు, అంకెలు సూసేవు, నా జేబు కూడా సూసేవు. ఇన్ని సేతులు ఎలగ కనపడనేదురా నీకు?”

పులిహోర వడ్డిస్తున్న అమ్మ గరిటెతో నా చేతిమీద ఒక్కటి వేసింది.

“ఆడికెలగ కనపడతాదిరా తమ్ముడూ? ఆడెలగ తింటన్నాడో సూడు!”

అందరూ నా ఆకువైపు చూశారు. చిన్నప్పటినుంచి ఎన్ని గరిటె దెబ్బలు పడ్డా మానని నా ఎడమచెయ్యి, నిండా పులిహోరతో, నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

కనుక సకల ఆమదాలవలస సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై ఏ పంతులుగారినీ, ఏ పెద్దరైతునూ, ఏ పైటనూ అద్దంలోకి పంపను. నా జాబితాలో ఆరో అంశంగా ‘చేతులు’ చేర్చాను. చెయ్యెత్తి మరీ చెబుతున్నాను.

ఏ చెయ్యో మాత్రం అడగొద్దు.