తోటబంగ్లా, రుక్కమ్మత్త రైలు

మూడు రోజుల కింద హన్మకొండ చౌరస్తాలో సీతాఫలాలు కొని బియ్యం డబ్బాలో మాగేశాను. ఈ పొద్దున మూత తీయగానే గుప్పున వచ్చిన వాసన నన్ను నెక్కొండ అవతలి మా తోటబంగ్లాకు ఈడ్చుకుపోయింది. వద్దన్నా పోతుంది మనసు, ఈ వయసులో దానికి వేరే పనేముంది!

ఇంటి ఆడవాళ్ల మీద ఊరి కన్ను పడకూడదని మా ముత్తాత ఊరికి రెండు మైళ్ల దూరాన, మామిడితోట నడుమ ఆ బంగ్లా కట్టి, చుట్టూ రెండు నిలువుల ఎత్తు గోడ పెట్టించాడట. ఎండాకాలం చాపల మీద ఎండే మామిడి ఒరుగులు, వానాకాలం నిప్పుల మీద చిటపటలాడే మక్కకంకులు, గోడ పొడుగునా సీతాఫలం చెట్ల కింద మా దాగుడుమూతలు, రోజంతా తమలపాకులు నములుతూ అందరినీ తిట్టే నాయనమ్మ, అన్నీ ఆ గోడ లోపలే. బతుకమ్మను కూడా లోపలే ఆడి, లోపలి బావిలోనే వేసేవాళ్లం.

మా బాపుకు అక్క రుక్కమ్మత్త. పదహారేళ్లకే భర్త పోయి పుట్టింటికి వచ్చింది, మళ్లీ గేటు దాటలేదు. దూరంగా రైలు కూత వినిపిస్తే చేతిలో పని ఆపేది. "ఒక్కపారి రైలెక్కి కిటికీల కెల్లి అన్నీ చూడాలె బిడ్డా," అనేది. నాకు పదేళ్లు వచ్చేసరికి ఆమె కళ్లకు మసక కమ్మింది. చూపు పోయేలోపు ఆ రైలు ఎక్కుతానో లేదోనని ఆమెకు ఒకటే ఫికర్.

చివరికి ఒక వానాకాలం, వరంగల్ కంటి దవాఖానలో చూపిద్దామని బాపు ఒప్పుకున్నాడు. బురదలో కారు కదలదు కనుక రైలే గతి అయింది. అత్త సంబరం చూడాలి! తెల్లారకముందే తలస్నానం చేసి, పెట్టె అడుగున దాచిన కొత్త తెల్లచీర కట్టుకుని కూర్చుంది. తెరలు కట్టిన ఎడ్లబండిలో నెక్కొండ స్టేషన్‌కు పోయాం.

రైలు కదులుతుండగానే బాపు, "కిటికీ రేకు దించు బిడ్డా, మన ఆడోళ్లను జనం చూస్తాండ్రు," అన్నాడు. కిటికీ పక్కన నేనే ఉన్నాను. దించేశాను. కాసేపటికి అత్త నా చెవిలో, "జర ఎత్తరాదే, జానెడు చాలు," అంది. నా చెయ్యి లేవలేదు. వరంగల్ దాకా ఆమె ఆ ఇనుప రేకు వైపే ముఖం పెట్టి కూర్చుంది. తిరిగొచ్చేటప్పుడూ అంతే.

చాలా ఆలస్యం చేశారన్నాడు డాక్టరు. ఇంటికి రాగానే వంటింట్లో పనిచేసే మల్లమ్మ ఎదురొచ్చి, "ఏం జూసినవ్ దొర్సానీ?" అని అడిగింది.

"అబ్బో, ఎన్ని చెర్వులే! పోరగాండ్లు రైలెంబడి ఉరుకుతాండ్రు, బర్లు నీళ్లల్ల పండుకున్నయ్," అని అత్త చెప్తూనే పోయింది. "నమ్మవైతే దీన్నడుగు."

నేను ఔనన్నాను. మరుసటి దసరాకు ఆమెకు వెలుతురు తప్ప ఏమీ కనిపించకుండా పోయింది. బతికినన్నాళ్లూ ఆ రైలు ముచ్చట చెప్తూనే ఉంది, నేను ఔనంటూనే ఉన్నాను.

ఇప్పుడు బంగ్లా లేదు, తోట లేదు. మావాళ్లు అమ్ముకుంటే, కొన్నవాళ్లు గోడ కూల్చి ప్లాట్లు చేశారు. హద్దురాళ్ల మధ్య పిచ్చిమొక్కలు, ఎవరైనా రావచ్చు, పోవచ్చు. బాపు మీద కోపం కూడా ఎప్పుడో అలసిపోయింది. "పదేళ్ల పిల్లవు, బాపుకు భయపడ్డవు, నీ తప్పేందక్కా?" అంటుంది మా చెల్లె. దానికి నేను చెప్పనిది ఒకటుంది. రైలు నెక్కొండ దాటగానే బాపు నిద్రపోయాడు, వరంగల్ వచ్చేదాకా కన్ను తెరవలేదు.