తమ్ముడి పూచీ

మా తమ్ముడికి మానసిక జబ్బుందని తెలిసిన ప్రతివాళ్లూ నన్ను అడిగేది ఒక్కటే, వాడు కొడతాడా అని. కొట్టడని చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. ఎలా ఉన్నాడని మాత్రం ఒక్కరూ అడగరు.

ఊరు వదిలి బతకడానికొచ్చిన ఈ గోడాదరాలో ఒకే గదిలో ఉంటాం, వాడూ నేనూ. దగ్గరలోని కార్ఖానాలో వాడు సాంచాలు, అదే మరమగ్గాలు, నడుపుతాడు. పొద్దున్నే మాత్ర మింగి, అన్నం డబ్బా పట్టుకుని వెళ్తాడు. ఎనిమిదేళ్లుగా ఇంతే. ఒకనాడు జేబులోంచి మాత్రల అట్ట జారిపడింది. పక్క సాంచావాడు దాని పేరు ఫోన్లో వెతికి, అది దేనికి వాడతారో అందరికీ చెప్పాడు. మర్నాడే, పని చూసే మాస్టర్ వచ్చి తమ్ముడి మెడలో వేలాడే కట్టర్ తీసేసుకున్నాడు. తెగిన దారం ముడివేశాక కొసలు కత్తిరించుకునేది దాంతోనే. అక్కడ అందరి మెడల్లోనూ ఉంటుంది. తమ్ముడు కొసలు పళ్లతో కొరకసాగాడు. వారం తిరిగేసరికి పెదవి చిట్లింది, బట్టలో తప్పులొచ్చాయి. తప్పులొస్తున్నాయని పనికి రావద్దన్నారు.

వాణ్ణి వెంటబెట్టుకుని కార్ఖానాకు వెళ్లాను. మాస్టర్ మన తెలంగాణవాడే.

"మంచోడే చెల్లె. గని ఎప్పుడేం జేస్తడో ఎవలకెరుక? పక్కోళ్లు భయపడ్తుండ్రు."

ఆ పక్కవాళ్లు తాగి జుట్లు పట్టుకోవడం నేను చూడనిదా? ఓసారి విడిపించబోతే మావాడి కనుబొమ్మకే కుట్లు పడ్డాయి. వాళ్ల మతి మాత్రం దివ్యంగా ఉంది! నాకు ఒళ్లు మండింది.

"ఎన్మిదేండ్లల్ల ఒక్కన్నన్న కొట్టిండా? చెప్పు!"

మాస్టర్ లోపలికెళ్లి యజమాని సేటుతో మాట్లాడి, ఒక కాగితం తెచ్చాడు.

"వీడు ఎవలకేం జేసినా జిమ్మేదారి నీదేనని రాసిండ్రు. దస్కతు పెట్టు. రేపట్సంది పనిలకు రమ్మను."

పెన్ను తీసుకున్నాను. ఇంతమందితో వాదించినదాన్ని, సంతకం దగ్గర ఆగిపోయాను. ఇక్కడికి రాకముందు ఓ ఎండాకాలం మాత్రలు మానేసినప్పుడు వాడు గోడకు తల బాదుకోవడం గుర్తొచ్చింది. అప్పుడూ కొట్టుకున్నది తన తలే కదా! అయినా చెయ్యి కదల్లేదు. ఆ తర్వాత పెట్టాననుకోండి. కానీ అంతసేపూ తమ్ముడు నా చేతినే చూస్తూ నిలబడ్డాడు. నాకు సిగ్గేసింది.

పని దొరికింది కదా, వాడు ఏమైనా అంటాడేమో అనుకున్నాను. ఇంటికి సగం దారి వచ్చాక అడిగాడు.

"అక్కా, ఇయ్యాల్టి సంది నేను బయట పండుకోవాల్నా?"