కొట్లాట ఆగిన పది రోజులు

నిన్న ఉదయం ఏడు నలభైకి కరెంటు పోయింది. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. మా బాపు ఉంటే, ఫ్యాను రెక్కలు ఇంకా తిరుగుతుండగానే "ఇగ రాదు" అనేవాడు. పది నిమిషాల్లో వచ్చేది. "ఉండదు" అనేవాడు.

బాపు బోధన్ షుగర్ ఫ్యాక్టరీలో చెరకు తూకం దగ్గర పనిచేశాడు. ప్రతి ఏడూ మొదటి చెరకు బండి కాటా మీదికి రాగానే "ఫ్యాక్టరీకి ఇదే ఆఖరు సాలు" అని ఇంటికొచ్చి చెప్పేవాడు. ఎండాకాలంలో కూడా గొడుగు వెంట ఉండేది. మాకున్న కొద్ది పొలానికి కెనాల్ నీళ్లు సమయానికి రావని నమ్మి, రెండుసార్లు చల్లడానికి సరిపడా విత్తనపు వడ్లు దాచేవాడు. అందువల్ల ఏ ఏడూ మాకు నారు తక్కువ పడలేదు. ఆయన నిరాశను చూసి మేం నవ్వుకున్నాం, దాని పుణ్యమానే తిన్నాం కూడా.

మేం చాచా అని పిలిచే ఆయన స్నేహితుడికి బజారులో గడియారాల రిపేరు దుకాణం. బాపుకు రేపటి మీద నమ్మకం లేదు, చాచాకు మనుషుల మీద. ఎవరైనా దానం చేస్తే పేరు కోసం అనేవాడు, చేయకపోతే పిసినారి అనేవాడు. రోజూ సాయంత్రం ఐదింటికి మా అరుగు మీద ఇద్దరూ కొట్లాడుకునేవాళ్లు. అమ్మ చాయ్ ఇచ్చి లోపలికి వచ్చేసేది.

చివరికి ఫ్యాక్టరీ నిజంగానే మూతబడింది. నేను చెప్పలేదా అని బాపు ఒక్కసారి కూడా అనలేదు. కొన్ని నెలలకు అన్నం చల్లారిందని గొణగడం మానేశాడు. గొడుగు తలుపు వెనకే ఉండిపోయింది. ఏది అడిగినా "మంచిగనే ఉంది" అనేవాడు. "ఇన్నేండ్లకు మనిషి నిమ్మళమైండు" అని అమ్మ సంతోషించి గుడిలో కొబ్బరికాయ కొట్టింది. ఆ కొబ్బరిముక్క నేనూ తిన్నాను. అప్పటికే పుస్తకాలు చాలా చదివినదాన్ని, అయినా నాకూ తేడా తెలియలేదు.

ఒక సాయంత్రం చాచా అరుగు మీద నుంచి లేచి వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. ఎప్పుడూ అంత లోపలికి వచ్చిన మనిషి కాదు.

"భాభీ, నీ మొగడు మంచిగైండనుకుంటున్నవా? నాతోని కొట్లాడక పది దినాలైంది. ఫ్యాక్టరీ మళ్ల తెరుస్తరట అని అబద్ధం చెప్పిన. తెరవరు అనలె. సరే అన్నడు."

అమ్మకు అర్థం కాలేదు. చాచా జేబులోంచి బాపు చేతి గడియారం తీశాడు.

"పొద్దుగాల దుకాణానికొచ్చి ఇది ఇచ్చిండు. రిపేరుకు గాదు. నువ్వే ఉంచుకో, నాకేం పని అన్నడు. నాకు భయమైతుంది."

డాక్టర్లంతా దొంగలేనని చెప్పే ఆ మనిషి, మర్నాడు దుకాణం మూసి, బాపును తానే నిజామాబాద్ బస్సెక్కించాడు. నేనూ వెళ్లాను. డాక్టరు ఎక్కువ మాట్లాడలేదు. డిప్రెషన్ అన్నాడు, మందులు రాశాడు, ఒంటరిగా వదలొద్దన్నాడు. నాకు ఆ రోజు తెలిసింది ఇంతే: గొడుగు పట్టుకెళ్లే మనిషికి తడవకూడదన్న పట్టింపు ఉంటుంది. లోకాన్ని తిట్టే మనిషికి లోకంతో పని ఉంటుంది. బాపుకు ఆ రెండూ పోయాయి. పోయిన సంగతి మాకు ప్రశాంతతలా కనిపించింది.

నెల నెలా ముగ్గురం వెళ్లేవాళ్లం. మూడోసారి తిరిగొస్తుంటే బస్సులో బాపు ఉన్నట్టుండి అన్నాడు.

"గీ గోలీలతోని ఏం గాదు. డాక్టర్లు దొంగలని నువ్వే అంటివి గద."

"దొంగలే. అయినా మింగు," అన్నాడు చాచా. గడియారం తీసి ఆయన ఒళ్లో పడేశాడు. "గిది నాకొద్దు. ఐదు నిమిషాలు వెనక నడుస్తది."

"పోయినేడు రిపేరు చేసింది నువ్వే."

చాచా కిటికీ వైపు తిరిగాడు. బోధన్ వచ్చేదాకా మళ్లీ ఇటు చూడలేదు.

ఆ తరువాత బాపు చాలా ఏళ్లు, ఏదీ బాగుపడదని చెబుతూ బతికాడు. నా పెళ్లి నిలవదన్నాడు, మనవరాలికి నడక ఆలస్యమవుతుందన్నాడు. ప్రతి మాటా మేం హాయిగా విన్నాం. ముందు చాచా పోయాడు, పోయిన చలికాలం బాపు. ఆ ఏళ్లన్నీ మాకు అదనంగా దొరికిన కాలమే.

ఇప్పుడు మా అరుగు మీద ఎవరూ కొట్లాడుకోరు.