మల్లయ్య గారి కుర్చీ లెక్క

2012 అక్టోబరు 16, మంగళవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు శ్రీ మల్లయ్య గారు దివంగతులయ్యారన్న వార్త విని నిశ్చేష్టుణ్ణయ్యాను.

వారు నాచారంలోని ఒక కర్మాగారంలో ఇరవై ఎనిమిదేళ్లు ఫిట్టరు. నేను అక్కడే తనిఖీ విభాగంలో ఉద్యోగిని. పదవీ విరమణానంతరం మమ్మల్ని తిరిగి కలిపింది ప్రోస్టేట్ క్యాన్సర్. ఇద్దరికీ మూడు నెలలకొక హార్మోను సూది. అది వ్యాధిని అణచుతుంది. కండను కరిగిస్తుంది, ఎముకను బలహీనపరుస్తుంది. కండ నిలవాలంటే వ్యాయామమే శరణ్యమని డాక్టరు గారు చెప్పగా, 2010 జూన్‌లో మల్లయ్య గారు చిల్కానగర్‌లోని తమ వాకిట ఆరు కుర్చీలు వేసి, మావంటి మరి నలుగురిని చేరదీశారు. చేతులు ఆనించకుండా అర నిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలమన్నది శనివారం పరీక్ష. ఆ సంఖ్యను నేను పుస్తకంలో వ్రాసేవాణ్ణి; డాక్టరు గారు దానినే చూసేవారు.

సూది మందు వల్ల ఒంట్లో సెగలు ఎగసి, సిగ్గుతో ముడుచుకున్నవాణ్ణి వారు వదిలేవారు కాదు. "ఏంది బావా, కుర్సీకి అతుక్కపోయినవా? ముట్లు ఆగినప్పుడు సెగలు మా ఇంటిదానికి గూడ వచ్చినయ్. ఆమె వంట బంద్ జేసిందా? లే!" నవ్వుతూనే లేచేవాళ్లం. నా లెక్క ఆరు నుండి పదమూడుకు చేరడం వారి చలవే. వారిది ఎప్పుడూ పదిహేను.

ఆగస్టు 25న, మిగిలినవారు గేటు దగ్గర చెప్పులు విడుస్తుండగా, వారు తొమ్మిది దగ్గర ఆగిపోయారు. నడుము పట్టుకుని, "సారూ, పదిహేనే రాయి" అన్నారు.

"తొమ్మిదండీ. నేను చూశాను గదా."

"నువ్వు సూసినవ్. వాళ్లు సూడలే. నేనే పడిపోయిన్నంటే రేపు ఎవ్వడొస్తడు? జర రాయి."

ఉద్యోగకాలమంతా వెంట్రుకవాసి తేడాకే యంత్రభాగాలను తిప్పిపంపిన నేను పదిహేనని వ్రాశాను. తరువాతి మూడు శనివారాలూ మిగిలినవారు రాకముందే వారి పరీక్ష ముగించి, అదే వ్రాశాను. పుస్తకం చూసి, "బలం తగ్గలేదు" అని డాక్టరు గారు సంతోషించారు. నడుము నొప్పి సంగతి మల్లయ్య గారు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఐదవ శనివారం వారు మంచం దిగలేదు. వ్యాధి అప్పటికే వెన్నెముకకు పాకిందని తేలింది.

ముందే తెలిసి ఉంటే ఎన్నాళ్లు దక్కేవారో ఏ లెక్కా చెప్పదు. అదే నన్ను వెంటాడుతున్నది.

పరామర్శకు వెళ్లి, వారి సతీమణి లక్ష్మమ్మ గారికి నిజం విన్నవించాను.

"నాతోని గూడ పదిహేనే అన్నడు సారూ," అన్నారామె. "బుక్కుల ఉన్నది, సూస్కో అన్నడు."

పుస్తకంలోని ఆ నాలుగు పంక్తులనూ కొట్టివేసి, పక్కన అసలు సంఖ్యలు వేసి, సంతకం చేశాను. తొమ్మిది, ఎనిమిది, ఆరు, నాలుగు. వారు నిజంగా లేచినది ఇన్నిసార్లే. ప్రతిసారీ మా కోసమే లేచారు. అటువంటి మనిషి మాకు మళ్లీ దొరకరు.